సోమవారం దండెం

"ఇక్కడ చూడ్డానికి ఏముందండీ?"

ఐస్‌క్రీమ్ కొట్టు కిటికీ తెరవగానే నాకు వినపడే మొదటి మాట ఇది. అడిగే మనిషి వెనకాల సముద్రం ఉంటుంది. రేవు గోడ అవతల డాల్ఫిన్లు గెంతుతుంటాయి. వాటికి వీపు పెట్టి నిలబడి, ఫోను వంక చూసుకుంటూ, మా ఊరు స్కార్‌నెస్‌లో చూడ్డానికి ఏముందని నన్నడుగుతారు. చేతిలో ఉన్న గరిటెతో ఒక్కటి వెయ్యాలనిపిస్తుంది. కొట్టు నాది కాదు కాబట్టి చెబుతాను. పొగ గది ఉంది, హాడాక్ చేపకి పొగ పెడతారు, ముందే కొనుక్కోండి, సాయంత్రానికి మిగలవు. రాళ్ల మధ్య ఈత కొలను ఉంది, పోటు వచ్చినప్పుడు నిండుతుంది, దిగితే పళ్లు టకటకలాడతాయి, అయినా దిగండి. చర్చి పక్క పచ్చికలో బంతిని కన్నంలోకి కొట్టే ఆట ఉంది, వాన పడితే ఉండదు. రేవు చివర కంచుతో పోసిన ఆడమనిషి ఉంది, శాలువా కప్పుకుని, మొగుడి కోసం సముద్రం కేసి చూస్తూ ఉంటుంది.

ఆ బొమ్మని ఊరి అభివృద్ధి కమిటీ పెట్టించింది. ఈ ఊళ్లో ఏ ఆడదీ అలా నిలబడి చూసిన పాపాన పోలేదు. మాకు పనులుండేవి. ఎర గుచ్చాలి, చేప కొయ్యాలి, పిల్లల ముక్కులు తుడవాలి. తీరిగ్గా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నిలబడితే ఇల్లెవరు చూస్తారు?

నిజంగా చూడాల్సింది ఒకటుంది. దాని సంగతి ఎవరూ అడగరు. రేవు వీధి ఇళ్లకీ సముద్రానికీ నడుమ బారుగా ఒక పచ్చిక ఉంది. అందులో ఇనప స్తంభాలు, వాటి మధ్య దండేలు. దండేల పచ్చిక అంటాం. వీధిలో ఇంటింటికీ ఒక దండెం, మా అత్తగారి అత్తగారి కాలం నుంచీ ఇంతే. అక్కడి గాలికి దుప్పటి చిటికెలో ఆరుతుంది, ఉప్పు వాసన పట్టుకుంటుంది. ఆ వాసన లేని దుప్పటి కప్పుకుంటే మా వాళ్లకి నిద్ర పట్టదు. నేను మాత్రం ఇరవై ఏళ్ల పైనుంచి ఆ పచ్చికలో చేతిరుమాలు కూడా ఆరెయ్యలేదు. మా ఇంటి దండెం బోసిగా ఊగుతూ ఉంటుంది. నా బట్టలు ఇంట్లో హీటరు మీద ఆరతాయి, ఇల్లంతా ముక్కిన వాసన. ఎందుకో చెబుతాను. ముందు లోగన్ సంగతి చెప్పాలి.

లోగన్ కౌన్సిల్ ఆఫీసు మనిషి. మెత్తటి మాట, మట్టంటని బూట్లు. పడకలున్న వ్యాన్లు వేసుకుని డాల్ఫిన్లు చూడ్డానికి వచ్చేవాళ్లకి బండ్లు నిలుపుకునే చోటు కావాలిట. కమిటీ వాళ్లు మా పచ్చిక చూపించారు. ఎవరూ వాడని జాగా అయితే కౌన్సిల్ తీసుకోవచ్చు, వాడుతున్నదైతే తీసుకోకూడదు. వాడుతున్నారో లేదో చూసి రాయడం లోగన్ పని. చూశాడు. కెమెరా మెళ్లో వేసుకుని ఎన్నోసార్లు వచ్చి చూశాడు. అయితే మా తీరం అతనికి సోమవారం పడింది. మిగతా రోజుల్లో వేరే ఊళ్లు. వచ్చిన ప్రతిసారీ సోమవారమే వచ్చాడు.

సోమవారం మా బోట్లు బయల్దేరతాయి. ఆదివారం ఎవరూ సముద్రం మీదికి పోరు. సోమవారం నీళ్లు అనుకూలించగానే పోతారు, శుక్రవారానికి వస్తారు. బోటు బయల్దేరే రోజు రేవు వీధిలో బట్టలు ఉతకరు, ఆరెయ్యరు. ఉతికితే సముద్రం మీదున్న మనిషి కొట్టుకుపోతాడు. అంతే. ఎందుకని అడగకూడదు, బయటివాళ్లకి చెప్పకూడదు, చెప్పినా అరిష్టమే. బిడ్డ పక్క తడిపినా, పిల్లి వాంతి చేసినా, ఆ బట్ట బకెట్లో పడి మంగళవారం దాకా కంపు కొట్టాల్సిందే. ఇంటర్నెట్టు పెట్టించుకున్న ఇళ్లు ఇవి. కూతుళ్లని డాక్టర్లని చేసిన తల్లులు వీళ్లు.

చర్చి హాల్లో మీటింగు పెట్టి లోగన్ చెప్పాడు. "నేను వచ్చినప్పుడల్లా ఖాళీగానే ఉందండీ. ఒక్క గుడ్డముక్క కూడా కనపడలేదు."

వీధి ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. మ్యూరియల్ లేచింది. మ్యూరియల్ మొగుడు స్టెడ్‌ఫాస్ట్ అనే బోటుకి సరంగు, అందుకని ఆవిడ వీధికి సరంగు.

"మీరు సోమవారం వస్తే ఎలాగండీ?" అంది.

"సోమవారం ఏమైందండీ?"

"ఆ రోజు మాకు కుదరదు."

"ఎవరికీ కుదరదా?"

"కుదరదండీ."

"ఎందుకని?"

మ్యూరియల్ కూర్చుంది.  మిగతా రోజుల ఫొటోలు చూపిస్తామని ఎవరో అన్నారు. "ఫొటోలు ఎప్పటివో, ఎక్కడివో నాకేం తెలుస్తుందండీ? నేను కళ్లతో చూసిందే రాస్తాను. వచ్చే సోమవారం ఆఖరి సారి వస్తాను. వాడుతున్నట్టు కనపడితే అదే రాస్తాను, నాకు మీ మీద పగేముంది?" అన్నాడు లోగన్. పాపం, మంచివాడే.

వెనక వరసలో కూర్చున్న నాకు నవ్వాగలేదు. పైకే నవ్వాను. అందరూ తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను. ఇన్నేళ్లూ నన్ను తినేసిన సోమవారం ఇప్పుడు వాళ్ల మీద పడింది. నాకు సంతోషంగానే ఉంది, దాచుకోవడం ఎందుకు?

మా ఆయన పేరు హ్యూయీ. ఇరవై ఏళ్ల పైమాట, మార్చి నెలలో ఒక ఆదివారం రాత్రి మా పాపకి జ్వరం, వాంతులు. దుప్పట్లన్నీ పాడయ్యాయి, ఎత్తుకున్న హ్యూయీ చొక్కా కూడా. సోమవారం పొద్దున్న ఇంట్లో నిలబడలేనంత వాసన. ఇరవై నాలుగేళ్ల దాన్ని, పక్క ఊరి పిల్లని, రాత్రంతా నిద్ర లేదు. ఉతికేశాను. పచ్చికలో ఆరేశాను. దుప్పట్లు, పాప గౌన్లు, ఆ చివర హ్యూయీ చొక్కా. రేవులోంచి పోతూ హ్యూయీ బోటు మీదినుంచి చూసి నవ్వుతూ చెయ్యూపాడు. గురువారం రాత్రి అల ఒకటి డెక్కు మీదికొచ్చి హ్యూయీని పట్టుకుపోయింది. మిగతావాళ్లందరూ తిరిగొచ్చారు. మనిషి దొరకలేదు.

చర్చిలో ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర హ్యూయీ అక్క నెట్టా నా ఎదురుగా వచ్చి నిలబడింది. నాకు ఆడపడుచు. పెళ్లైన కొత్తలో చేప కొయ్యడం నేర్పింది ఆవిడే. "నువ్వే ఉతికి పారేశావే మా వాణ్ణి," అంది. గట్టిగా కూడా అనలేదు. ఊరంతా వింది. ఎవరూ తప్పని అనలేదు. పాస్టరుగారు టోపీ సర్దుకున్నారు.

అప్పటినుంచీ నేనంటూనే ఉన్నాను. దండెం మీది చొక్కా మనిషిని ముంచదు. అల ముంచుతుంది. నడుముకి తాడు కట్టుకోకపోతే ముంచుతుంది. కొట్టులో అన్నాను, బస్సులో అన్నాను, మ్యూరియల్ మొహం మీద అన్నాను. వాళ్లు అవునవునని తలూపి సోమవారం పూట బకెట్లకి మూతలు పెట్టుకునేవారు. వేరే ఊరు పోవచ్చుగా అని మా అమ్మ అడిగేది. పోతే తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు కాదూ? అందుకే పోలేదు. వాళ్ల కళ్ల ముందే తిరిగాను, వాళ్ల మనవలకే ఐస్‌క్రీములు పెట్టాను.

మీటింగు తరవాత శనివారం సాయంత్రం తలుపు చప్పుడైంది. మ్యూరియల్, ఆవిడ వెనకాల నెట్టా. చేతిలో అల్లం కేకు. నెట్టా నా గడప తొక్కడం చర్చి గుమ్మం రోజు నుంచి అదే మొదలు. ముసలిదైపోయింది. మోకాళ్లు వంగవు. కూర్చోమన్నాను గానీ టీ పెట్టలేదు.

"లోగన్ సంగతి నీకు తెలుసు కదా," అని మొదలెట్టింది మ్యూరియల్.

"తెలుసు."

"వ్యాన్లు వచ్చి మన కిటికీల ముందు నిలబడితే ఎట్టా వయలెట్? వాళ్లు పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే మనం చూస్తూ కూర్చోవాలా?"

"చూడ్డానికి ఏముందని అడిగేవాళ్లకి అదొకటి చెప్పొచ్చు. మ్యూరియల్ కిటికీలోంచి చూస్తే బోడిగుండు జర్మనాయన కనపడతాడని."

ఆవిడ నవ్వలేదు. "సోమవారం నువ్వు ఆరెయ్యి. దండేలన్నీ నింపెయ్యి. దుప్పట్లు, తువ్వాళ్లు, ఏవైనా సరే. నువ్వైతే ఆరెయ్యొచ్చు."

"నేనైతే ఎందుకు ఆరెయ్యొచ్చు?"

మ్యూరియల్ కేకు వంక చూసింది.  నాకు ఒళ్లు మండిపోతోంది, అయినా ఆవిడ నోటితోనే చెప్పించాలని ఊరుకున్నాను.

"నీకు సముద్రం మీద ఎవరూ లేరు కదా," అంది ఆఖరికి.

"లేరు. ఎందుకు లేరో మీరే చెప్పారుగా." లేచి నిలబడ్డాను. "ఇరవై ఏళ్ల పాటు నన్ను చూసి రోడ్డు అవతలికి తప్పుకుని పోయారు. నా పిల్ల బడికి పోతే మీ పిల్లలు పక్కన కూర్చోలేదు. నా దండెం వంక చూసి మొహం తిప్పుకున్నారు. ఇప్పుడు మీ పచ్చిక పోతుందంటే నేను గుర్తొచ్చానా? మొగుణ్ణి పోగొట్టుకున్న దాన్ని కాబట్టి పనికొస్తానా? పోనీ పచ్చిక. వ్యాన్లు రానీ. మీ గుమ్మాల ముందు వాళ్లు వంట చేసుకుంటుంటే నేను కుర్చీ వేసుకుని చూస్తాను."

"అట్టా అనకు."

"ఎందుకనకూడదు? అనడం మీ ఒక్కళ్లకేనా వచ్చింది?"

నెట్టా నా వైపు తిరిగింది. "నీకేం కావాలో చెప్పవే," అంది.

నాకేం కావాలో నన్నెవరూ అడగలేదు ఇన్నేళ్లూ. అడిగేసరికి నోట్లో సిద్ధంగానే ఉంది.

"నేను ఆరేస్తాను. కానీ ఒక్కదాన్నే కాదు. ప్రతి ఇంటి ఆడదీ తన మగవాడి చొక్కా ఒకటి ఆ పొద్దున్నే ఉతికి, తడిది, నీళ్లు కారేది, తన చేత్తో ఆరెయ్యాలి. బోటు రేవు దాటకముందే. చొక్కా మనిషిని ముంచదని మీరు ఒప్పుకున్నట్టు. నాకు కావలసింది అంతే. మీరు వచ్చాకే నా బట్టలు బయటికొస్తాయి."

మ్యూరియల్ మొహం పాలిపోయింది. "ఒకళ్ల ప్రాణాలతో ఆడుకుంటావేంటి?" అంది.

"చూశావా," అన్నాను. "ప్రాణాలతో, అన్నావు. కేకు తీసుకుపో."

సోమవారం పొద్దున్న ఎండ వచ్చింది, గాలి బాగా ఉంది. స్టెడ్‌ఫాస్ట్‌కి పోటు నీళ్లు తొమ్మిది గంటలు దాటితే గానీ అందవు, అందుకని రేవులోనే ఇంజను తిప్పుకుంటూ ఉంది. నేను తెల్లవారుతూనే రెండు దుప్పట్లు ఉతికి బకెట్లో పెట్టుకుని వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. వస్తారనుకోలేదు. వచ్చారు. ఒకళ్ల వెనక ఒకళ్లు బుట్టలు చంకన పెట్టుకుని పచ్చికలోకి దిగారు.  బకెట్ ఎత్తుకుని గబగబా పోయాను.

మ్యూరియల్ బల్ల మీద పరిచే బట్ట తీసింది. తెల్లటిది, లేసు అంచులది, క్రిస్మస్ నాడు పరిచేది. మడతల గీతలు చతురంగం గళ్లలా కనపడుతున్నాయి. పక్కావిడ తలగడ గలీబులు తీసింది. ఇంకొకావిడ కిటికీ తెరలు. నేను వెళ్లి మ్యూరియల్ బట్ట పట్టుకు చూశాను. చెమ్మ లేదు. బీరువా వాసన.

"ఇది ఉతికిందేనా?"

"అతనికి ఏం తెలుస్తుంది? గాలికి ఊగుతుంటే చాలు," అంది మ్యూరియల్, గొంతు తగ్గించి. "నీ పని అయినట్టేగా. మా పనీ అయినట్టే. ఎందుకు పట్టుదల?"

ఒక్క చొక్కా లేదు. ఒక్క సాక్సు లేదు. మగవాళ్ల ఒంటి మీదిది ఒక్క పోగు కూడా లేదు. ఎంత జాగ్రత్తగా ఏరుకొచ్చారో. నాకు కళ్లు ఎర్రబడ్డాయి. బకెట్ అక్కడే తన్నేద్దామా అనుకున్నాను. వీళ్ల పచ్చిక దక్కుతుంది, నా మాట నాకే మిగులుతుంది. మూడు స్తంభాల అవతల లోగన్ వచ్చి నిలబడి ఉన్నాడు, కెమెరా ఎత్తి, మొహమంతా నవ్వు. "ఎంత బాగుందండీ," అంటున్నాడు.

"బాగుందా? దగ్గరికొచ్చి పట్టుకు చూడండి," అన్నాను. "రండి. ఒక్కటి తడిగా ఉంటే నన్నడగండి."

మ్యూరియల్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "నోరుముయ్యి వయలెట్."

అప్పుడు వచ్చింది నెట్టా. మోకాళ్లు వంగవు కదా, గట్టు దిగడానికి పక్కవాటుగా ఒక్కో అడుగూ వేస్తూ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ బకెట్. దారి పొడుగునా నీళ్లు తొణుకుతున్నాయి. మ్యూరియల్ బల్లబట్ట పక్కనుంచి, కిటికీ తెరల పక్కనుంచి నడిచి, బోసిగా ఉన్న మా దండెం దగ్గర ఆగింది. బకెట్లోంచి క్రెయిగ్ చొక్కా తీసింది. ఎర్ర గళ్ల చొక్కా, పనిలోకి వేసుకునేది. పిండలేదు కూడా. ఆవిడ స్కర్టంతా తడిసింది.

క్రెయిగ్ నెట్టాకి ఒక్కడే కొడుకు. స్టెడ్‌ఫాస్ట్ మీదే ఉన్నాడు.

"నెట్టా, నీకేమైనా పిచ్చా," అంది మ్యూరియల్. "అది నా మొగుడున్న బోటు కూడా."

"తెలుసు."

"మరి?"

"అన్నది నేను. ఆ మాట వెనక్కి తీసుకోవాల్సింది నేనే," అంది నెట్టా. ఆవిడ చేతిలోంచి క్లిప్పు రెండుసార్లు గడ్డిలో పడింది. నేను వంగి తియ్యలేదు. అలా చూస్తూ నిలబడ్డాను. ఈ చూపు కోసం ఎన్నేళ్లు బతికాను. ఆ భయం ఆవిడ మొహంలో చూడాలని ఎన్ని రాత్రులు కోరుకున్నాను. చూడు, బాగా చూడు అనుకున్నాను. రెండోసారీ ఆవిడే వంగి, మూలిగి, క్లిప్పు ఏరుకుని చొక్కా ఒక భుజాన్ని దండేనికి తగిలించింది.

రేవులో ఇంజను చప్పుడు మారింది. స్టెడ్‌ఫాస్ట్ గోడ వెంబడి మెల్లగా కదిలింది. డెక్కు మీద తాడు చుట్టుకుంటున్న క్రెయిగ్ తలెత్తాడు. వాడికి మేనమామ భుజాలు వచ్చాయి, దూరం నుంచి చూస్తే హ్యూయీయే అనిపిస్తాడు. పచ్చికలో అమ్మ కనపడింది, చొక్కా కనపడింది. అర్థమైందో లేదో, నవ్వుతూ చెయ్యూపాడు.

తరవాత నేనేం చేశానో నాకు తెలిసి చెయ్యలేదు. బకెట్ ఎప్పుడు వదిలేశానో తెలియదు. చూసుకునేసరికి నా చెయ్యి దండెం మీదుంది, క్లిప్పు నొక్కుతోంది, చొక్కా సగం ఊడింది.

నెట్టా నా మణికట్టు పట్టుకుంది.

"ఏం చేస్తున్నావే?"

"తీసెయ్ వదినా," అన్నాను. "వాడింకా గోడ దాటలేదు. తొందరగా తీసెయ్."

"ఎందుకు?"

 చొక్కాలోంచి నీళ్లు నా మోచేతి దాకా కారుతున్నాయి. నేను లాగుతున్నాను, ఆవిడ వదలడం లేదు. ముసలి చేతుల్లో అంత బలం ఎక్కణ్ణించి వచ్చిందో. వెనక మ్యూరియల్ ఏదో అంటోంది. లోగన్ కెమెరా దించి, "ఏమైందండీ?" అంటున్నాడు.

"తీసెయ్ అంటుంటే," అని అరిచాను. "ఒకణ్ణి చంపింది చాలదా?"

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.  నెట్టా నా మొహంలోకి చూసింది. చర్చి గుమ్మంలో చూసినంత దగ్గర్నుంచి చూసింది.

"నువ్వు కూడా నమ్మావా?" అంది. "ఇన్నేళ్లూ అందరితో పోట్లాడుతూ, లోపల నువ్వు కూడా నమ్మావా?"

నేను ఏడవలేదు. కోపం వస్తోంది, ఎవరి మీదో తెలియడం లేదు.

"నేను అన్నాననా?" అంది నెట్టా. "నేను ఆ రోజు అన్నాననే నమ్మావా?"

"అవును," అన్నాను.

ఆవిడ నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. ఊడిన భుజాన్ని మళ్లీ దండేనికి పెట్టి, రెండో క్లిప్పు కూడా పెట్టింది. బోటు గోడ దాటింది. నా దుప్పట్లు బకెట్లోనే ఉన్నాయి.

"అవి కూడా ఇయ్యి," అంది నెట్టా, చెయ్యి చాపి.